ఆకాశం కంటికి ఆనని వల

దత్తాత్రికి ముక్కు మీద కోపం. అదీ మనుషుల మీద కాదు, వంకర మీద. గోడకు కొట్టిన మేకు కాస్త పక్కకు ఒరిగినా, వాకిట్లో వేసిన ముగ్గులో ఒక గీత పొట్టిగా పడినా ఆయన ప్రాణం ఊరుకునేది కాదు. ఒక పెళ్ళిలో బంతి భోజనానికి కూర్చుని, తన విస్తరి ఒక్కటే వరసలో బెత్తెడు వెనక్కి ఉందని వడ్డన ఆపించి మరీ సర్దుకున్న మనిషి. "గీయనకు దేవుడు కండ్లకు బదులు కొలబద్దలు పెట్టి పంపిండు" అని వాడకట్టు ఆడవాళ్ళు నవ్వుకునేవారు. నవ్వితే నవ్వారు గానీ, ఇంట్లో శుభకార్యం పడితే చీర కోసం ఆయన గడపే తొక్కేవారు. సిద్దిపేటలో గొల్లభామ చీరలు నేసేవాళ్ళు చాలామందే ఉండేవారు. తలమీద కుండతో నడిచే ఆ భామ బొమ్మ అంచు పొడుగునా ఒక్క పోగు తేడా లేకుండా బారుగా నడవాలంటే మాత్రం దత్తాత్రి చెయ్యి పడాల్సిందే.

ఇప్పుడా వాడకట్టు మీదుగా పోతే ఫ్యాన్ల చప్పుడూ టీవీల చప్పుడూ తప్ప ఏమీ వినబడదు. ఎనభైల్లో అలా కాదు. తెల్లారిందంటే ఇంటింటా గుంట మగ్గం మాట్లాడేది. ఏ చప్పుడు ఎవరి మగ్గానిదో పోల్చి చెప్పేవాళ్ళు ప్రతి గడపలోనూ ఉండేవారు. ఆడవాళ్ళు రాట్నాల ముందు కూర్చుని కండెలు చుడుతూ ఈ అరుగు మీది కబురును ఆ అరుగు మీదికి చేరవేసేవారు. మగవాళ్ళు వీధి పొడుగునా పడుగు సాగదీసి గంజి పెట్టేవారు. ఎండకు ఆరుతున్న ఆ గంజి వాసన ఉందే, అది తలచుకుంటే ఇప్పటికీ ముక్కుకు తగులుతుంది.

ఆ చప్పుడు ఒక్కరోజులో ఆగిపోలేదు. మిషను మగ్గాల చీరలు సగం ధరకు వచ్చి దుకాణాల్లో కూర్చున్నాక, ఈ ఇంట్లో ఒక మగ్గం, ఆ ఇంట్లో ఒక మగ్గం మూగబోతూ వచ్చాయి. నేతగాళ్ళ సహకార సంఘం గోదాములో నేసిన బట్ట నేసినట్టే మడతల్లో పడి ఉండేది. నడుము గట్టిగా ఉన్నవాళ్ళు, బొంబాయి దగ్గర మిషను మగ్గాలున్న భివండికి బస్సెక్కారు. దత్తాత్రి తమ్ముడు బాలయ్య కూడా అలాగే పోయాడు. పండక్కి వచ్చినప్పుడల్లా అన్న చెవిలో జోరీగలా అదే పాట. "నువ్వు గూడ రా అన్నా. గీడ ఏమున్నది? మా సేటుకు చెప్పి పెట్టిన. ఈ దసరకు వస్త, పోతప్పుడు నిన్ను తోల్కపోత."

దత్తాత్రికి భివండి తెలియనిదేమీ కాదు. అంతకుముందు ఒక ఎండాకాలం పోయి చూశాడు. షెడ్డు నిండా మిషన్లు, చెవులు చిల్లులు పడే మోత, పీల్చే గాలి నిండా దూది. పక్కన నిలబడ్డ మనిషి నోరు కదలడమే కనబడేది, మాట వినబడేది కాదు. పోగు తెగితే మిషను ఆగేది తప్ప తన చేతికి తెలిసేది కాదు. దగ్గుతో తిరిగి వచ్చి, గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుని, మళ్ళీ తన మగ్గం చప్పుడు విన్నాక గానీ ఆయనకు అన్నం సయించలేదు. మళ్ళీ అక్కడికి పోవడమంటే సగం చచ్చినట్టేనని భార్య అనసూర్యతో ఒకసారి అన్నాడు. అయితే ఇంట్లో పొయ్యి వెలగాలి. దసరాలోపు ఇక్కడ ఏదో ఒక పని దొరక్కపోతే తమ్ముడి వెంట నడవక తప్పదని ఇద్దరికీ తెలుసు.

అలాంటి సమయంలో సంఘం పెద్ద రాజనర్సు హైదరాబాదు నుంచి ఒక కబురు మోసుకొచ్చాడు. సైన్యానికి సామాన్లు సమకూర్చే ఒక డిపోలో ఎవరినో పట్టుకుని పని సంపాదించాడు. నూలు బట్టకు రంగులద్ది, పేలికలుగా చింపి, తాళ్ళ వలకు ముడివేసి ఇవ్వాలి. వలలు వాళ్ళే పంపుతారు, బట్టా చెయ్యీ మనవి.

"మిలిట్రోళ్ళకు వలలెందుకు మామా, చాపలు పడ్తరా?" అని అడిగాడు దత్తాత్రి.

"ఫిరంగి తోపుల మీద, బండ్ల మీద కప్పుతరట. పైకెల్లి చూసెటోనికి కనవడకుంట. ముందుగాల ఒక నమూన కట్టియ్యాలె. గది పాసైందా, ఏడాది పొడుగు మన వాడకట్టు మొత్తానికి పని. నీ చేతులనే పెడుతున్న దత్తాత్రీ, పరువు నీదే."

ఇక చూడాలి మన దత్తాత్రిని. నిద్రాహారాలు మానేశాడు. పచ్చ రంగు, మట్టి రంగు తానే కలిపి, ఆరబెట్టి, తేడా వస్తే మళ్ళీ ముంచాడు. పేలికలన్నీ ఒక్క కొలతకు చింపాడు. ఒక పచ్చ, ఒక మట్టి, ఒక పచ్చ, ఒక మట్టి. చుట్టూ ముదురు పచ్చ అంచు. అంచు పెట్టాక మూలలు బోసిగా కనబడ్డాయి కాబట్టి నాలుగు మూలలా నాలుగు పువ్వులు. వల కట్టడం పూర్తయ్యాక సంఘం ఆవరణలో పరిస్తే చూడడానికి వాడకట్టు వాడకట్టంతా వచ్చింది. "ఎవ్వల పెండ్లి పందిరయ్యా గిది?" అంది అనసూర్య. ఆమె వేళాకోళమాడిందని ఆయనకు తట్టనే లేదు. మురిసిపోయాడు.

డిపో తరఫున చూడడానికి జీపులో వచ్చిన అధికారి పేరు సుధాకర్. గోదావరి వైపు మనిషి, మాట మెత్తన. వల చుట్టూ రెండుసార్లు తిరిగాడు. పువ్వు దగ్గర ఆగి, వంగి, వేలితో తడిమాడు. దత్తాత్రి ఛాతీ ఉబ్బింది. అంతలో ఆయన నవ్వు ఆపుకోలేక రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"దీని కింద ఫిరంగి పెట్టామనుకోండి, పైనుంచి చూసేవాడు ఎవరిదో పెళ్ళనుకుని భోజనానికి దిగిపోతాడండీ."

అందరూ నవ్వారు. దత్తాత్రి మొహం మాడిపోయింది. ఆయన బాధ చూసి సుధాకర్ నవ్వు మానేసి, అక్కడే అరుగు మీద కూర్చుని నెమ్మదిగా చెప్పాడు. ఆకాశంలో విమానాల కంటే చాలా ఎత్తున ఉపగ్రహాలు తిరుగుతుంటాయి. కొన్ని మబ్బుల జాడ చెబుతాయి, కొన్ని మాటలు మోస్తాయి, కొన్ని పక్కవాడి పెరట్లోకి తొంగి చూడడానికే తిరుగుతాయి. "మన దేశం కూడా నిరుడు నేలను ఫొటోలు తీసేదాన్ని పైకి పంపింది, పేపర్లో చూసే ఉంటారు. మనది పంటల కోసం, నీళ్ళ కోసం. అన్ని దేశాలవీ అందుకే తిరగవు కదండీ. చెప్పిన వేళకు నెత్తి మీదికి వస్తుంది, ఫొటో తీసుకుంటుంది, పోతుంది. నిన్నటి ఫొటో పక్కన ఇవాళ్టిది పెట్టుకుని చూస్తారు. చెట్టూ పుట్టా ఎక్కడా వరసగా ఉండవు. వరస కనబడిందంటే అక్కడ మనిషి ఉన్నట్టే. అంత ఎత్తున ఉన్నదాన్ని మనం ఏం చెయ్యగలం? దానికి కనబడకుండా ఉండడమే మన చేతిలో ఉన్నది."

"అంటె సారూ, మంచిగ కట్టద్దంటరా?"

"బాగానే కట్టండి. కట్టినట్టు తెలియకుండా కట్టండి."

సుధాకర్ మంచివాడు కాబట్టి మరో అవకాశం ఇచ్చి వెళ్ళాడు. దత్తాత్రికి మాత్రం తల కొట్టేసినట్టయింది. ఆ మధ్యాహ్నం ఆవరణలో ఒక్కడే నిలబడి చాలాసేపు ఆకాశంలోకి చూశాడు. అక్కడ ఒక గద్ద తప్ప ఏమీ కనబడలేదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఆయన పడిన కష్టమంతా ఒక్క వరస కోసం. ఇప్పుడు ఎవడో ఎక్కడో పైనుంచి తొంగి చూస్తాడని ఆ వరసే తప్పయిపోయింది. కడుపు మండదా మరి?

మర్నాడు పువ్వులన్నీ విప్పి, వంకరగా కడదామని కూర్చున్నాడు. వంకరగా కట్టడం అంత తేలికనుకున్నారా? మొదట నాలుగు పేలికలు అడ్డదిడ్డంగా పడ్డాయి. తర్వాత ఆ అడ్డదిడ్డమే ఒక లెక్కలో పడింది. పొద్దుగూకేసరికి చూసుకుంటే మళ్ళీ చీర మీది బుటా తయారు. విప్పి మళ్ళీ కట్టాడు, మళ్ళీ అదే తంతు. చేతులను తిట్టుకున్నాడు, పేలికలను తిట్టాడు, మధ్యలో మంచినీళ్ళు తెచ్చిన అనసూర్యనూ తిట్టాడు.

పక్క సందులో రబియాబీ ఉండేది. పాత చీరలు, చిరిగిన లుంగీలు పోగేసి బొంతలు కుట్టే మనిషి. ఆమె బొంతలంటే దత్తాత్రికి మహా చిరాకు. ఎర్రగళ్ళ ముక్క పక్కన పువ్వుల ముక్క, దాని పక్కన తెల్ల పైజామా ముక్క. ఆమె బొంత ఆరేసిన వైపు తల తిప్పకుండా నడిచేవాడు. అలాంటివాడు ఇప్పుడు వెళ్ళి ఆమె గుమ్మంలో చతికిలబడ్డాడు.

"నా బొంత చూసి మొకం తిప్పుకునెటోనివి కద దత్తన్నా, గిప్పుడు యాదికొచ్చిన్నా?" అంటూ రబియాబీ పగలబడి నవ్వింది. నవ్వినంతసేపు నవ్వి, ముక్కల మూటను ఆయన ముందుకు తోసింది. "చూడకు. చూస్తె నీ కండ్లు ఊకుంటయా, వరస పెడ్తయి. కుప్పల చెయ్యి పెట్టు, ఏది దొరికితె గదే తియ్యి. జర మొకం అటు తిప్పు. గోడను చూడు, నన్ను చూడు, ఆకాశం చూడు. పని దిక్కు మాత్రం చూడకు."

అలా గోడను చూస్తూ కట్టడం నేర్చుకున్నాడు దత్తాత్రి. చేతిలోకి పచ్చ వస్తే పచ్చ, మట్టి వస్తే మట్టి. వేళ్ళు ముడివేస్తుంటే పళ్ళు కొరుక్కునేవాడు. కొత్త నమూనా కట్టి పంపారు. దానితోపాటు ఇంకో రెండు వలలు కూడా వాడకట్టు వాళ్ళు కట్టారు గానీ, పెద్దది మాత్రం పూర్తిగా దత్తాత్రి ఒక్కడి చేతి పని. డిపోలో పరీక్షించి కబురు చేస్తామన్నారు. బతుకమ్మ పూలు వాకిళ్ళలోకి వచ్చే రోజులు దగ్గరపడ్డాయి. బాలయ్య బయల్దేరుతున్నట్టు ఉత్తరం వచ్చింది.

ఆ వారంలోనే జీపు వచ్చింది. సుధాకర్ సంఘం గదిలో రాజనర్సుతో మాట్లాడుతుంటే, జీపు నడిపే సైనికుడు ఎదురుగా దత్తాత్రి ఇంటి అరుగు మీద చాయ తాగుతూ కూర్చున్నాడు. పేరు సర్వర్, ఊరు రాయపోల్. మన వైపు మనిషే కాబట్టి వెంటనే కలిసిపోయాడు.

"గా పెద్ద వల మీరే కట్టిన్రటగద అన్నా? ఫొటోలు తీసిన నాడు పొద్దందాక గా వల కింద నేనే కూసున్న. మస్తు నీడ. జీపు మీద తల పెట్టి నిద్ర గూడ పోయిన, మా సారుకు చెప్పకుండ్రి."

దత్తాత్రి నవ్వాడు. ఇన్నేళ్ళలో ఎంతోమంది చీరల అంచులు మెచ్చుకున్నారు గానీ, నీడ బాగుందని మెచ్చుకున్నవాడు ఇతనొక్కడే. ఆ మాట ఆయనకు కొత్తగా, ఇష్టంగా తోచింది. ఇంకో గ్లాసు చాయ పోయించాడు.

లోపలికి పిలుపు వచ్చింది. బల్ల మీద పెద్ద పెద్ద నలుపు తెలుపు ఫొటోలు పరిచి ఉన్నాయి. ఏదో బండరాళ్ళ నేల, తుప్పలు, అక్కడక్కడ చెట్లు. హెలికాప్టర్ నుంచి తీశారట. "ఇందులో మూడు బండ్లున్నాయి, మీ మూడు వలల కింద," అన్నాడు సుధాకర్. "మా ఆఫీసులో ఒక్కరు కూడా పట్టుకోలేకపోయారు. మీరూ చూడండి."

రాజనర్సు కళ్ళద్దాలు పైకి కిందికి జరుపుకుంటూ చూశాడు. "ఏం లేవు సారూ, అన్ని తుప్పలే" అని సంబరంగా అన్నాడు. తలుపు దగ్గర నిలబడ్డ అనసూర్య మొహం వెలిగింది. సుధాకర్ జేబులోంచి పెన్ను తీశాడు.

దత్తాత్రి ఫొటో మీదికి వంగాడు. ఎడమవైపు బండ పక్కన ఒక తుప్ప ఉంది. మిగతా తుప్పలన్నీ చింపిరి జుట్లయితే, అది ఒక్కటీ నూనె రాసి దువ్విన తల. రంగులు కలిసిపోయాయి, అది నిజమే. ముడి వేశాక పేలిక కొసను బొటనవేలితో ఒక పక్కకు నొక్కే అలవాటు ఆయనకు ఉంది, మగ్గం మీద చిన్నప్పటి నుంచీ వచ్చిన అలవాటు. కళ్ళు గోడను చూసినా బొటనవేలు తన పని తాను చేసుకుపోయింది. ప్రతి పేలికా ఒకే వైపు వాలి ఉంది. తన చేతిరాత తాను గుర్తుపట్టినట్టు గుర్తుపట్టాడు.

ఎవరికీ కనబడలేదు కదా. సారుకే కనబడలేదు. నోరు మెదపకపోతే సంతకం అయిపోతుంది, వాడకట్టుకు పని వస్తుంది, బాలయ్య వచ్చిన దారినే పోతాడు. భివండి షెడ్డులోని మోత ఒక్కసారి చెవుల్లో తిరిగింది. ఆ తుప్ప కింద ఉన్నది ఎవరు? కిటికీలోంచి బయట సర్వర్ చాయ గ్లాసు కడిగి అరుగు మీద బోర్లించడం కనబడింది.

"సారూ, జర ఆగుండ్రి," అన్నాడు దత్తాత్రి. ఫొటో మీద వేలు పెట్టాడు. "గిదిగో, గీ తుప్ప. గిది తుప్ప గాదు, నా చెయ్యి."

రాజనర్సు బల్ల కింద ఆయన కాలు తొక్కాడు. అప్పటికే ఆలస్యమైంది. సుధాకర్ భూతద్దం పెట్టుకుని చూశాడు. మొదట ఏమీ కనబడలేదు. దత్తాత్రి వేలితో వాలు చూపించాక, "అయ్యో" అన్నాడు. "ఇప్పుడు ఇక అది తప్ప ఇంకేమీ కనబడడం లేదండీ." పెన్ను జేబులో పెట్టేసుకున్నాడు. "ఉపగ్రహాల ఫొటోలు చూసేవాళ్ళు ఇదే పనిగా కూర్చుంటారు. ఇవాళ కాకపోతే రేపు ఎవరో ఒకరి కంట పడుతుంది. నన్ను క్షమించండి, దీన్ని నేను ఒప్పుకోలేను. మీ నిజాయితీని చూసి ఒక్క నెల గడువు మాత్రం ఇస్తాను."

జీపు కదిలిందో లేదో రాజనర్సు విరుచుకుపడ్డాడు. "నోరు మూసుకుంటె ఏం పోయేదిరా? పాసైన వలను నీ చేతులార ఫేలు చేస్తివి. ఆకాశంల ఎవడో చూస్తడని గీడ మా కడుపులు మాడ్చుకుందుమా?" సాయంత్రానికి వాడకట్టంతా ఆ మాటే. అరుగుల మీద పుల్లవిరుపు మాటలు వినబడ్డాయి. అనసూర్య భివండి ప్రయాణానికి ఆయన ధోవతులు ఉతికి ఆరేసింది. ఆ ఆరేసిన ధోవతులే ఆయనకు ఎక్కువ బాధగా అనిపించాయి.

దారి చూపించింది మళ్ళీ రబియాబీనే. వాదులాడుకుంటున్న వాళ్ళ మధ్యకు వచ్చి నిలబడి అంది. "మా తాన పిలగాడు పుడ్తె తొలి బొంత ఒక్కలు కుట్టరు. వాడకట్ల ఆడోళ్ళు అందరొచ్చి తలా ఇన్ని కుట్లు ఏసి పోతరు. గా బొంతల ఏ కుట్టు ఎవ్వలదో మాకే ఎరుకుండదు. ఒక్కల చెయ్యి అయితె ఒక తీరు పడ్తది. అందరి చేతులు కలుపుండ్రి, గప్పుడు ఏ తీరు పడ్తదో గా సాటిలైటునే చూడనియ్యుండ్రి."

అలా మొదలైంది. సంఘం షెడ్డులో గుంజలకు వల కట్టి, చుట్టూ ఆడవాళ్ళు కూర్చున్నారు. పద్మశాలీల ఇళ్ళ నుంచి అనసూర్య, ముసలి కొండవ్వ, ఇంకా చాలామంది. పక్క సందు నుంచి రబియాబీ, ఆమె చెల్లెలు మున్నీబీ. చాయ వచ్చినప్పుడల్లా లేచి చోట్లు మారాలి, అది నియమం. ఒకరు మొదలుపెట్టింది ఇంకొకరు ముగించాలి. ఎడమ చేతివాటం కొండవ్వ ముడులు ఒక వైపు వాలితే, తొందరమనిషి మున్నీబీ ముడులు ఇంకో వైపు వాలేవి. ఆ షెడ్డులో వినబడిన నవ్వులు, ఒకరి అత్తకూ ఇంకొకరి అత్తకూ పెట్టిన పోటీలు, తెలుగులో మొదలై దక్కనీ ఉర్దూలో ముగిసే వేళాకోళాలు... ఆ వాడకట్టు అంత సందడిగా అంతకుముందు లేదు, ఆ తర్వాతా లేదు.

దత్తాత్రి కూడా వాళ్ళతో కూర్చున్నాడు. వల ఆవరణలో పరిచి, సంఘం భవనం మిద్దె ఎక్కి చూస్తే, అంత కలగాపులగంలోనూ తాను కట్టిన చోటు తనకు తెలిసిపోయింది. దిగి వచ్చి, దాన్ని విప్పి మళ్ళీ కట్టాడు. మళ్ళీ తెలిసింది. మూడోసారి దిగి వచ్చి, పేలికలను రబియాబీ ఒడిలో పెట్టి, "నాతోని గాదక్కా, మీరు కట్టుండ్రి" అని లేచాడు. ఆ మాట అనడానికి ఆయనకు ఎంత కష్టమైందో ఆ షెడ్డులో ఉన్నవాళ్ళందరికీ తెలిసింది.

ఆయన చెయ్యి పడని ఆ వల పరీక్షలో నెగ్గింది. సుధాకర్ కొత్త ఫొటోలు తెచ్చి ముందుగా దత్తాత్రికే ఇచ్చాడు. ఎంత వెతికినా ఆయనకు తుప్పలే కనబడ్డాయి. పని వచ్చింది. దసరాకు వచ్చిన బాలయ్య పదిహేను రోజులుండి ఒక్కడే వెళ్ళిపోయాడు. దత్తాత్రికి సంఘం ఒక ఉద్యోగం ఇచ్చింది. కట్టిన ప్రతి వలనూ మిద్దె మీదినుంచి చూసి, ఎక్కడైనా వరస పడిందేమో పట్టుకోవాలి, పడితే విప్పించాలి. కూలీ అందరితో సమానం. మిద్దె మీద గొడుగేసుకుని నిలబడ్డ ఆయనకు రబియాబీ "సాటిలైటు దత్తన్న" అని పేరు పెట్టింది. ఊరంతా అదే పిలిచింది. "సాటిలైటు వస్తుందే, సక్కగ కూసోకుండ్రి, అడ్డం కూసోండ్రి" అని ఆడవాళ్ళు ఒకరినొకరు హెచ్చరించుకునేవారు.

తొంభై ఒకటి మొదట్లో గల్ఫులో యుద్ధం వచ్చింది. వాడకట్టంతా రాజనర్సు ఇంట్లో టీవీ ముందు చేరింది. చాలా ఇళ్ళ మగవాళ్ళు ఆ వైపు పనులకు పోయి ఉన్నారు. పైనుంచి ఉపగ్రహాలు చూపిస్తే బాంబులు గురి తప్పకుండా పడుతున్నాయని వార్తల్లో చెప్పారు. మర్నాడు షెడ్డులో కొండవ్వ ఒక్కో ముడీ వేస్తూ, "ఎవ్వల కొడుకు కూసుంటడో దీని కింద, వాన్ని ఎవ్వని కన్ను చూడద్దు" అని గొణుక్కుంటుంటే దత్తాత్రి విన్నాడు. ఆ రోజు నుంచి ఆయన మిద్దె మీద ఇంకా ఎక్కువసేపు నిలబడేవాడు.

మెచ్చుకోవాల్సిందే ఆ మనిషిని. నేత మానేసిన తన మగ్గం గుంటలో ఎలుకలు చేరినా చూడనట్టు నటించేవాడు. ఒకప్పుడు వాడకట్టు ఆడపిల్లలకు పోగు పక్కన పోగు ఎలా ఉండాలో తిట్టి తిట్టి నేర్పిన నోటితోనే, ఇప్పుడు "గీడ సక్కగున్నది, చెడగొట్టు" అని చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ ఆయన గొంతు కాస్త తగ్గేది. ఆ పని ఇంకొన్నేళ్ళు సాగి, మిషన్ల మీద చేసిన కొత్తరకం వలలు వచ్చాక ఆగిపోయింది. అప్పటికి దత్తాత్రికి భివండి పోయే వయసు దాటిపోయింది. ఆ రకంగా ఆయన గెలిచాడనే చెప్పాలి.

ఆ నడిమి ఏళ్ళలో ఒక చలికాలం మధ్యాహ్నం. ఆడవాళ్ళందరూ అన్నాలకు వెళ్ళారు. ఆవరణలో వల పరిచి ఉంది. మిద్దె మీదినుంచి చూస్తున్న దత్తాత్రి కళ్ళు ఒక మూల ఆగిపోయాయి. అక్కడ వరస లేదు, బారు లేదు, పువ్వు లేదు. పచ్చలోంచి మట్టి, మట్టిలోంచి పచ్చ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలియకుండా, పచ్చగడ్డి మీదుగా గాలి పోయినట్టు ఉంది. ఎంతసేపు చూసినా కళ్ళు అక్కడికే పోతున్నాయి. ఏ కళ్ళయినా పోతాయి. అది ఎవరి పనో ఆయన ఆలోచించనక్కర్లేదు. అనసూర్యకు ఆ రోజు మోకాలి నొప్పి, పొద్దున్నుంచీ ఆమె ఒక్కతే చోటు మారలేదు.

మిద్దె దిగి వచ్చి, ఆ మూల గొంతుక్కూర్చుని, ఒక్కో ముడీ విప్పసాగాడు. అన్నం గిన్నె పట్టుకుని వచ్చిన అనసూర్య అది చూసి ఆగిపోయింది.

"ఏమైందయ్యా? వరస పడ్డదా?"

"లే, వరస లేదు."

"మరి ఎందుకు ఇప్పుతున్నవు?"

పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ ఆమె చుట్టిన కండెలతోనే ఆయన ప్రతి చీరా నేశాడు. ఆమె పని చూసి ఆయన ఎప్పుడైనా పెద్ద మనసు చేసుకుంటే "తప్పు లేదు" అనేవాడు. అంతకు మించి ఒక్క మాట ఆ నోటి నుంచి రాలేదు.

"శాన మంచిగున్నది," అన్నాడు దత్తాత్రి తల ఎత్తకుండా. చేతులు ముడుల మీదే ఉన్నాయి. "గిట్ల నేను గూడ ఎన్నడు చెయ్యలే. గందుకే ఇప్పుతున్న."

అనసూర్య అన్నం గిన్నెను అరుగు మీద పెట్టింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నొప్పి కాలును నెమ్మదిగా చాపుకుని ఆయన పక్కన కూర్చుని, రెండో వైపు నుంచి తానూ విప్పడం మొదలుపెట్టింది.